వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్ ఎన్నిక, 1985: తరచుగా అడిగే ప్రశ్నలు

1985లో జరిగిన ఈ ఎన్నిక ఏమిటి? దాన్ని ఇప్పటికీ ఎందుకు ప్రస్తావిస్తారు?

1985 నవంబర్ 5న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్, అటార్నీ జనరల్ పదవులకు ఒకే రోజున ఎన్నికలు జరిగాయి. వీటిలో రెండో పదవికి డెమొక్రాటిక్ పార్టీ తరఫున పోటీ చేసిన లారెన్స్ డగ్లస్ వైల్డర్, రిపబ్లికన్ అభ్యర్థి జాన్ చిచెస్టర్‌ను ఓడించారు. వైల్డర్ తాత, నానమ్మ బానిసలుగా బతికినవారు. వర్జీనియా చరిత్రలో రాష్ట్రమంతటి ఓటర్లూ కలిసి ఒక నల్లజాతీయుణ్ణి ఎన్నుకోవడం అదే మొదటిసారి.

నాలుగేళ్ల తర్వాత, 1989లో, ఆయన గవర్నర్‌గా గెలిచారు. అమెరికాలో ప్రజల ఓటుతో గవర్నర్ అయిన మొదటి నల్లజాతీయుడిగా చరిత్రకెక్కారు. అందువల్ల చాలామంది రచయితలు 1989 గురించి విస్తారంగా రాసి, 1985ను ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఇది సరైన తూకం కాదని మా అభిప్రాయం. కష్టమైన పని జరిగింది 1985లోనే. 1989 నాటికి వర్జీనియా ఓటర్లకు వైల్డర్ నాలుగేళ్లుగా చూస్తున్న మనిషి. 1985లో మాత్రం అటువంటి అభ్యర్థికి రాష్ట్రం ఓటు వేస్తుందో లేదో చెప్పగల ముందు ఉదాహరణ ఒక్కటీ లేదు.

లెఫ్టినెంట్ గవర్నర్ అంటే ఢిల్లీ, పుదుచ్చేరిలలో ఉండే పదవి వంటిదేనా? లేక ఉప ముఖ్యమంత్రి వంటిదా?

రెండూ కాదు. మన కేంద్రపాలిత ప్రాంతాల్లో లెఫ్టినెంట్ గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. వర్జీనియాలో ఆ పదవికి ప్రజలు నేరుగా ఓటు వేస్తారు. ఉప ముఖ్యమంత్రితో పోల్చడం కూడా కుదరదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఉప ముఖ్యమంత్రి పదవికి రాజ్యాంగంలో ప్రత్యేక స్థానం లేదు. ముఖ్యమంత్రి తలచుకుంటే ఉంటుంది, లేకపోతే ఉండదు, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగినట్లు ఒకేసారి ఐదుగురు కూడా ఉండవచ్చు. కానీ ఆ పదవిలో ఉన్నవారికి మంత్రిగా ఏవో శాఖలు ఉంటాయి. వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌ది రాజ్యాంగబద్ధమైన పదవే అయినా, చేతిలో శాఖ ఏదీ ఉండదు.

మన వ్యవస్థలో దీనికి కాస్త దగ్గరగా ఉన్నది ఉపరాష్ట్రపతి పదవి. ఉపరాష్ట్రపతి రాజ్యసభకు అధ్యక్షత వహించినట్లే, లెఫ్టినెంట్ గవర్నర్ 40 మంది సభ్యులున్న రాష్ట్ర సెనేట్‌కు అధ్యక్షత వహిస్తారు. సభలో ఓట్లు సమానంగా చీలినప్పుడు మాత్రమే తన ఓటు వేస్తారు. గవర్నర్ మరణించినా, రాజీనామా చేసినా, పదవి కోల్పోయినా ఆ స్థానంలోకి వచ్చేది లెఫ్టినెంట్ గవర్నరే.

ఓట్లు సమానమైనప్పుడు వేసే ఆ ఒక్క ఓటును చిన్నచూపు చూడకూడదు. 2012లో సెనేట్‌లో రెండు పార్టీలకూ చెరి 20 స్థానాలు ఉన్నప్పుడు, రిపబ్లికన్ లెఫ్టినెంట్ గవర్నర్ బిల్ బోలింగ్ ఓటుతోనే కమిటీలన్నీ ఆయన పార్టీ చేతికి వచ్చాయి. అయితే బడ్జెట్, పన్నుల బిల్లులకు ఎన్నికైన సభ్యుల్లో సగానికి మించిన మద్దతు ఉండాలని రాజ్యాంగం నిర్దేశించింది కాబట్టి, అక్కడ ఆ ఓటు పనికిరాదు.

అధికారం అంత పరిమితమైతే దానికోసం అంత పోటీ ఎందుకు?

వర్జీనియా రాజ్యాంగంలోని ఒక విచిత్రమైన నియమమే అందుకు కారణం. అక్కడ గవర్నర్ వరుసగా రెండోసారి పోటీ చేయడానికి వీల్లేదు. ఎంత మంచి పేరు తెచ్చుకున్న గవర్నరైనా నాలుగేళ్లకు దిగిపోవాల్సిందే. అంటే ప్రతి ఎన్నికలోనూ గవర్నర్ పీఠం ఖాళీగానే ఉంటుంది, దాని కోసం చూసేవారి వరుసలో లెఫ్టినెంట్ గవర్నర్ ముందుంటారు. లెఫ్టినెంట్ గవర్నర్‌కు అటువంటి పరిమితి లేదు, కావాలనుకుంటే మళ్లీ మళ్లీ పోటీ చేయవచ్చు.

జాన్ డాల్టన్ 1973లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచి 1977లో గవర్నర్ అయ్యారు. 1977లో లెఫ్టినెంట్ గవర్నర్ అయిన చార్లెస్ రాబ్ 1981లో గవర్నర్ అయ్యారు. తర్వాతి కాలంలో టిమ్ కెయిన్, రాల్ఫ్ నార్తమ్ కూడా ఇదే మెట్టు మీదుగా పైకి వెళ్లారు. పదవిలో పని తక్కువ, జీతం తక్కువ (ఈనాటికీ ఏడాదికి 36,321 డాలర్లే), కానీ రాష్ట్రమంతా తిరిగే హక్కు, పత్రికల్లో పేరు, నాలుగేళ్ల సమయం దొరుకుతాయి. 1985లో వైల్డర్‌కు ఓటు వేయాలా వద్దా అని ఆలోచించిన వారందరికీ ఈ సంగతి తెలుసు. ఆయన్ను ఈ పదవిలో కూర్చోబెట్టడమంటే 1989లో గవర్నర్ పదవి గుమ్మం దగ్గరికి తీసుకురావడమే.

గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్ జోడీగా పోటీ చేయరా?

వర్జీనియాలో చేయరు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు ఒకే ఓటుతో గెలుస్తారు, మేరీలాండ్ వంటి రాష్ట్రాల్లో గవర్నర్ తన జోడీని తానే ఎంచుకుంటారు. వర్జీనియాలో మాత్రం రెండు పదవులకూ వేర్వేరు ఓట్లు. 1851 రాజ్యాంగం ఈ పదవులను ప్రత్యక్ష ఎన్నికల కిందికి తెచ్చినప్పటి నుంచి ఓటరు ఒక పార్టీ గవర్నర్‌నూ మరో పార్టీ లెఫ్టినెంట్ గవర్నర్‌నూ ఎన్నుకునే వీలుంది, పలుమార్లు అలా జరిగింది కూడా.

1985 ఎన్నికను అర్థం చేసుకోవడానికి ఈ అంశం కీలకం. డెమొక్రాటిక్ పార్టీకి విధేయుడైనా మనసులో జాతివివక్ష ఉన్న ఓటరు, గవర్నర్‌గా జెరాల్డ్ బాలైల్స్‌కు ఓటు వేసి, రెండో పేరు దగ్గర చేయి ఆపేయవచ్చు. అందుకు ఎలాంటి అడ్డూ లేదు, ఎవరికీ తెలియదు కూడా. కనుక వైల్డర్ మరొకరి నీడలో గెలవలేరు, తన పేరుకు పడిన ఓట్లతోనే గెలవాలి.

వర్జీనియాలో నల్లజాతి అభ్యర్థి గెలవడం అసాధ్యమని అప్పట్లో ఎందుకు అనుకున్నారు?

అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన దక్షిణాది రాష్ట్రాల కూటమికి రాజధాని రిచ్‌మండ్. వర్జీనియాకు కూడా అదే రాజధాని. యుద్ధానంతర పునర్నిర్మాణ కాలంలో కొందరు నల్లజాతీయులు శాసనసభకు వెళ్లగలిగినా, 1902లో వచ్చిన రాజ్యాంగం ఓటు పన్నును, అక్షరాస్యతకు సంబంధించిన అడ్డంకులను పెట్టి వారిని ఓటర్ల జాబితా నుంచి దాదాపు తుడిచిపెట్టింది. ఆ పన్ను చెల్లించలేని పేద శ్వేతజాతీయులు కూడా ఓటు కోల్పోయారు. అలా కుదించిన ఓటర్ల సంఖ్య మీదే హ్యారీ బర్డ్ అనే డెమొక్రాట్ నాయకుడి యంత్రాంగం దశాబ్దాల పాటు రాష్ట్రాన్ని ఏలింది. రాష్ట్ర ఎన్నికల్లో ఓటు పన్ను చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 1966లో, అది కూడా వర్జీనియా నుంచే వెళ్లిన కేసులో.

బడుల్లో జాతి విభజన రాజ్యాంగ విరుద్ధమని 1954లో తీర్పు వచ్చాక, బర్డ్ వర్గం దాన్ని అడుగడుగునా అడ్డుకుంది. ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా వంటి పాలనా విభాగం) నల్లజాతి పిల్లలను శ్వేతజాతి పిల్లల పక్కన కూర్చోబెట్టడం ఇష్టం లేక 1959 నుంచి 1964 వరకు ప్రభుత్వ పాఠశాలలనే మూసివేశారు. 1985లో ఓటు వేసిన నడివయసు వారందరూ ఈ రోజులను కళ్లారా చూసినవారే.

దీనికి తోడు లెక్కలు కూడా అనుకూలంగా లేవు. రాష్ట్ర జనాభాలో నల్లజాతీయులు ఐదో వంతుకు కొంచెం తక్కువ. వారందరూ ఓటు వేసినా, గెలవాలంటే శ్వేతజాతీయుల్లో కనీసం ఐదుగురిలో ఇద్దరి మద్దతు కావాలి. 1984 అధ్యక్ష ఎన్నికలో రోనాల్డ్ రేగన్ వర్జీనియాలో 62 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన రాజనీతి శాస్త్రవేత్త ల్యారీ సబటో, వైల్డర్ గెలిచే అవకాశం నూటికి ఒకటి అన్న అంచనా వేశారు. ఆయన పక్షపాతంతో అన్న మాట కాదది, నాటి రాజకీయ వర్గాల్లో అందరి మనసులోనూ ఉన్నదే.

డగ్లస్ వైల్డర్ నేపథ్యం ఏమిటి?

1931 జనవరి 17న రిచ్‌మండ్‌లోని చర్చ్ హిల్ ప్రాంతంలో పుట్టారు. బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్, కవి పాల్ లారెన్స్ డన్‌బార్‌ల పేర్లు కలిపి తల్లిదండ్రులు ఆయనకు పెట్టారు. వర్జీనియా యూనియన్ విశ్వవిద్యాలయంలో 1951లో రసాయన శాస్త్రంలో పట్టభద్రులయ్యారు. కొరియా యుద్ధంలో పోర్క్ చాప్ హిల్ దగ్గర చూపిన తెగువకు కాంస్య నక్షత్ర పతకం పొందారు. యుద్ధం నుంచి పతకంతో తిరిగి వచ్చినా, సొంత రాష్ట్రపు న్యాయ కళాశాలల తలుపులు ఆయనకు తెరుచుకోలేదు. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, 1959లో అక్కడ న్యాయశాస్త్ర పట్టా తీసుకుని వచ్చి రిచ్‌మండ్‌లో వకీలుగా స్థిరపడ్డారు.

ఆయన రాజకీయ జీవితం మొదలుకావడానికి కారణం కూడా లెఫ్టినెంట్ గవర్నర్ ఎన్నికే కావడం విశేషం. 1969లో రిచ్‌మండ్ సెనేటర్ సార్జంట్ రెనాల్డ్స్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నిక కావడంతో ఆయన స్థానం ఖాళీ అయింది. ఆ ఉప ఎన్నికలో శ్వేతజాతీయుల ఓట్లు ఇద్దరు అభ్యర్థుల మధ్య చీలగా వైల్డర్ గెలిచి, పునర్నిర్మాణ కాలం తర్వాత వర్జీనియా సెనేట్‌లో అడుగుపెట్టిన మొదటి నల్లజాతీయుడయ్యారు. మరుసటి ఏడాది సభలో తొలి ప్రసంగంలోనే, బానిసత్వపు రోజులను తీపి జ్ఞాపకంగా పాడే రాష్ట్ర గీతాన్ని తొలగించాలని అడిగారు. అది అప్పుడు జరగలేదు, 1997లో గాని ఆ పాటను పక్కన పెట్టలేదు. మార్టిన్ లూథర్ కింగ్ జయంతిని రాష్ట్ర సెలవు దినం చేయాలన్న బిల్లు కోసం ఏళ్ల తరబడి పట్టుబట్టి 1984లో నెగ్గించుకున్నారు.

మచ్చ లేదని చెప్పలేం. ఒక కక్షిదారు కేసును సకాలంలో చూసుకోనందుకు 1978లో వర్జీనియా సుప్రీంకోర్టు ఆయన్ను మందలించింది. రిచ్‌మండ్‌లో ఆయన పేరిట ఉన్న ఒక ఇల్లు పాడుబడిన స్థితిలో ఉందన్న ఆరోపణ కూడా 1985 ప్రచారంలో వినిపించింది.

సొంత పార్టీ ఆయనకు టికెట్ ఇవ్వడానికి ఇష్టపడిందా?

ఇష్టపడి ఇచ్చిందనడం కంటే, కాదనే ధైర్యం లేక ఇచ్చిందనడమే నిజానికి దగ్గర. దాని మూలం 1982లో ఉంది. ఆ ఏడాది అమెరికా సెనేట్ స్థానానికి డెమొక్రాట్లు ఓవెన్ పికెట్ అనే శాసనసభ్యుణ్ణి నిలబెట్టాలనుకున్నారు. ఆయన తన ప్రసంగంలో బర్డ్ వారసత్వాన్ని మెచ్చుకోగానే, తాను స్వతంత్ర అభ్యర్థిగా దిగుతానని వైల్డర్ ప్రకటించారు. నల్లజాతి ఓట్లు చీలితే ఓటమి ఖాయమని తెలిసిన పికెట్ తప్పుకోవలసి వచ్చింది. ఆయన బదులు నిలబడిన అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ రిచర్డ్ డేవిస్ స్వల్ప తేడాతో ఓడిపోయారు. నల్లజాతీయుల ఓట్లు లేకుండా తమకు గెలుపు లేదని, ఆ ఓట్లున్నవారిని ఓటు కోసమే వాడుకునే రోజులు పోయాయని పార్టీ పెద్దలకు అప్పుడు అర్థమైంది.

అందుకే 1985లో వైల్డర్ ముందుగా బరిలోకి దిగినప్పుడు, ఆయన వల్ల మిగతా ఇద్దరు అభ్యర్థులూ మునుగుతారని చాటున గొణిగిన వారు చాలామందే ఉన్నా, ఎదురు నిలిచి పోటీ చేసినవారు చివరికి ఎవరూ మిగల్లేదు. జూన్‌లో రిచ్‌మండ్‌లో జరిగిన పార్టీ మహాసభ ఆయన్ను ఏకగ్రీవంగా నిలబెట్టింది. ఓటర్లు నేరుగా పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రాథమిక ఎన్నికకు బదులు, పార్టీ ప్రతినిధులు ఎంచుకునే మహాసభ పద్ధతి ఉండటం ఆయనకు కలిసివచ్చిందని మా అంచనా.

ప్రత్యర్థి జాన్ చిచెస్టర్ ఎవరు?

ఫ్రెడరిక్స్‌బర్గ్ ప్రాంతం నుంచి 1978లో రాష్ట్ర సెనేట్‌కు వచ్చిన బీమా వ్యాపారి. నెమ్మదస్తుడు, పాత కుటుంబం, ఎవరినీ నొప్పించని ధోరణి. నార్ఫోక్‌లో జరిగిన రిపబ్లికన్ మహాసభలో, ఉత్తరాల ద్వారా విరాళాలు రాబట్టడంలో దేశమంతటా పేరున్న రిచర్డ్ విగ్యూరీ వంటి వారిని దాటి నామినేషన్ పొందారు. వైల్డర్‌ను ఓడించడం పెద్ద కష్టమేమీ కాదని రిపబ్లికన్లు నమ్మారు. వేసవి అంతా చిచెస్టర్ ప్రచారం మందకొడిగా సాగడానికి ఆ నమ్మకమే ఒక కారణం.

వైల్డర్ ప్రచారం ఎలా సాగింది?

ఈ ఎన్నికలో అన్నిటికంటే చెప్పుకోదగిన భాగం ఇదే. వైల్డర్ దగ్గర డబ్బు తక్కువ. పార్టీ పెద్దల ఉత్సాహం అంతకంటే తక్కువ. ప్రచార సారథి పాల్ గోల్డ్‌మన్‌తో కలిసి ఆయన వేసిన ఎత్తు, చూడటానికి పాతకాలపు పద్ధతిలా కనిపిస్తుంది: వేసవిలో ఒక స్టేషన్ వ్యాగన్ కారు తీసుకుని, రాష్ట్రపు నైరుతి కొసన ఉన్న కొండ ప్రాంతం నుంచి బయలుదేరి, మూడు వేల మైళ్లకు పైగా ఊరూరా తిరగడం. అప్పటికి వర్జీనియాలో 95 కౌంటీలు, కౌంటీలతో సంబంధం లేని 41 నగరాలు ఉండేవి.

తనకు ఓట్లు పడతాయనుకున్న రిచ్‌మండ్, నార్ఫోక్ నగరాలను పక్కన పెట్టి, నల్లజాతీయులు చాలా తక్కువగా ఉండే బొగ్గు గనుల కొండల్లో ప్రచారం ఆరంభించడం వెనుక లెక్క ఉంది. ఒక నల్లజాతి నాయకుడు ఆ చిన్న పట్టణాల్లో కారు దిగి, కోర్టు ముందు, కిరాణా కొట్టు ముందు నిలబడి కరచాలనం చేస్తుంటే స్థానిక పత్రికలకు, రేడియోలకు అది వార్త. పెద్ద అభ్యర్థులు వేల డాలర్లు పోసి కొనుక్కునే ప్రచారం ఆయనకు ఊరికే దొరికింది. అంతకు మించి, తమ దగ్గరికి ఏ అభ్యర్థీ రాడని అలవాటు పడ్డ ఊళ్లకు ఈయన స్వయంగా వచ్చారు. పార్టీని, జాతిని పక్కన పెట్టి మనిషిని తూచే అవకాశం అక్కడి ఓటర్లకు అలా కలిగింది. ఇల్లిల్లూ తిరిగి ఓటు అడగడమంటే ఏమిటో మన పల్లెల్లో పంచాయతీ ఎన్నికలు చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

మిగుల్చుకున్న డబ్బునంతా చివరి వారాల టెలివిజన్ ప్రకటనల మీద పెట్టారు. వాటిలో ఒకటి జనం నోళ్లలో బాగా నానింది. సౌత్‌సైడ్ అనే పొగాకు పంటల ప్రాంతంలోని ఒక చిన్న పట్టణపు శ్వేతజాతి పోలీసు, ఆ ప్రాంతపు యాసలోనే, తాను వైల్డర్‌కు ఎందుకు మద్దతిస్తున్నాడో అందులో చెబుతాడు. వైల్డర్ నేరస్థుల పట్ల మెతకగా ఉంటారని ప్రత్యర్థులు అంటున్న సమయంలో, ఆ మాటకు జవాబు చెప్పించడానికి ఇంతకంటే తగిన మనిషి దొరకడు.

జాతి ప్రస్తావన లేకుండానే ప్రచారం సాగిందా?

పైకి దాదాపు అంతే. మొదటి నల్లజాతి అభ్యర్థిగా తనను చూడమని వైల్డర్ ఎక్కడా అడగలేదు. సెనేట్‌లో పదహారేళ్ల అనుభవం, యుద్ధంలో సేవ, సామాన్య కుటుంబం నుంచి వచ్చిన తీరు, వీటినే చెప్పుకున్నారు. జాతీయ స్థాయి నల్లజాతి నాయకులను ప్రచారానికి పిలవకుండా జాగ్రత్తపడ్డారు. యువకుడిగా, 1970లో రాష్ట్ర గీతం మీద నిప్పులు చెరిగిన మనిషి ఇతనేనా అని కొందరు ఆశ్చర్యపోయారు, మరికొందరు నొచ్చుకున్నారు కూడా. ఆ నొప్పిలో న్యాయం లేదనలేం. అయితే 1985 నాటి వర్జీనియాలో మరో దారి కూడా ఉందని చూపించగలిగినవారు లేరు.

రెండో పక్షానికి ఇదే చిక్కు తెచ్చిపెట్టింది. గట్టిగా దాడి చేస్తే జాతిద్వేషం అంటగడతారేమోనని చిచెస్టర్ చాలాకాలం వెనకాడారు. వైల్డర్ శాసనసభలో వేసిన ఓట్ల మీద విమర్శలు పదునెక్కేసరికి పోలింగ్ దగ్గరపడింది. నిజానికి ఆయన పాత ఓట్లు, న్యాయస్థానపు మందలింపు, ఇంటి వివాదం మామూలు అభ్యర్థి విషయంలోనైతే సెప్టెంబర్‌లోనే నలిగిపోయేవి.

ఫలితం ఎంత తేడాతో తేలింది?

మొత్తం సుమారు 13 లక్షల 20 వేల ఓట్లలో వైల్డర్‌కు 51.8 శాతం, చిచెస్టర్‌కు 48.2 శాతం వచ్చాయి. తేడా 48 వేలకు పైచిలుకు. అదే రోజు గవర్నర్ పదవికి బాలైల్స్ సుమారు 55 శాతం ఓట్లతో రిపబ్లికన్ అభ్యర్థి వయట్ డ్యురెట్‌ను ఓడించారు. అటార్నీ జనరల్‌గా మేరీ స్యూ టెరీ సుమారు 61 శాతంతో గెలిచి, వర్జీనియాలో రాష్ట్రవ్యాప్త పదవికి ఎన్నికైన మొదటి మహిళ అయ్యారు. వైల్డర్ గెలుపు హోరులో ఈ రెండో చరిత్రను అప్పట్లో చాలామంది సరిగా గమనించలేదు.

వైల్డర్‌కు శ్వేతజాతీయులు నిజంగానే ఓటు వేశారా?

వేశారు. గణితం ప్రకారమే అది తప్పదు. నల్లజాతీయుల ఓట్లు దాదాపు అన్నీ ఆయనకే పడ్డాయనుకున్నా, మిగతా గెలుపంతా శ్వేతజాతి ఓటర్ల నుంచే రావాలి. నాటి అంచనాల ప్రకారం వారిలో నూటికి నలభై మందికి పైగా ఆయన్ను ఎంచుకున్నారు. అయినా, పక్కనే ఉన్న ఇద్దరు డెమొక్రాట్ల కంటే ఆయన ఓట్ల శాతం తగ్గిందన్న నిజాన్ని కూడా చూడాలి. బాలైల్స్‌కూ ఆయనకూ మధ్య ఉన్న మూడు శాతానికి పైగా తేడాలో జాతి వాటా ఎంత, ఆయన సొంత వివాదాల వాటా ఎంత అన్నది విడదీయడం సాధ్యం కాదు. మొత్తం తేడాను జాతివివక్ష ఖాతాలో వేసేవారు గాని, జాతి అసలు లెక్కలోకే రాలేదనేవారు గాని అతిగా చెబుతున్నారని మేము భావిస్తాం.

ఇదంతా గవర్నర్ రాబ్ పుణ్యమేనని అంటారు. నిజమేనా?

పదవి దిగిపోతున్న గవర్నర్ చార్లెస్ రాబ్‌కు మంచి పేరుంది. ఆర్థిక వ్యవహారాల్లో జాగ్రత్తపరుడిగా, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ అల్లుడిగా, నావికా దళ మెరైన్ సైనికుడిగా మధ్యేమార్గ ఓటర్లకు ఆయన నచ్చారు. 1969, 1973, 1977లలో వరుసగా మూడుసార్లు గవర్నర్ పీఠం పోగొట్టుకున్న డెమొక్రాట్లకు 1981లో దాన్ని తిరిగి తెచ్చింది ఆయనే. మూడు పదవులూ మళ్లీ డెమొక్రాట్లకే రావడంలో ఆయన పాలన ప్రభావం లేదనడం సరికాదు. రేగన్ స్వయంగా వచ్చి డ్యురెట్ కోసం విరాళాల సభలో మాట్లాడినా ఆ ప్రభావం చెదరలేదు.

అయితే, మామూలు ప్రవాహమే గెలిపించి ఉంటే అది బాలైల్స్‌ను గెలిపించినంత సులువుగా వైల్డర్‌నూ గెలిపించాలి. గెలుపు ఘనతను పత్రికలు రాబ్‌కు కట్టబెట్టడం వైల్డర్‌కు రుచించలేదు, ఆ మాట బహిరంగంగానే అన్నారు. 1986 చివరికి రాబ్ ఆయనకు రాసిన ఘాటైన ఉత్తరాలు పత్రికలకెక్కాయి. ఒకే పార్టీలోని ఆ ఇద్దరి వైరం 1990లలో కూడా వర్జీనియా రాజకీయాలను వేధించింది.

వైల్డర్ అమెరికాలోనే మొదటి నల్లజాతి లెఫ్టినెంట్ గవర్నరా?

కాదు. ఈ పొరపాటు తరచుగా కనిపిస్తుంది. పునర్నిర్మాణ కాలంలో, 1868లో లూసియానాలో ఆస్కార్ డన్ ఆ పదవికి ఎన్నికయ్యారు. 1871లో ఆయన మరణించాక సెనేట్ నాయకుడిగా ఆ బాధ్యత స్వీకరించిన పింక్‌నీ పించ్‌బ్యాక్, గవర్నర్‌పై అభిశంసన నడుస్తున్నప్పుడు 1872 డిసెంబర్ నుంచి 1873 జనవరి వరకు కొద్ది వారాలు గవర్నర్ స్థానంలో కూర్చున్నారు. ఆయన ఆ కుర్చీకి ప్రజల ఓటుతో రాలేదు, అందుకే 1989లో వైల్డర్ పేరు పక్కన ‘ఎన్నికైన మొదటి’ అన్న మాట చేరుస్తారు. ఆధునిక కాలంలో 1974లో కాలిఫోర్నియాలో మెర్విన్ డైమలీ, కొలరాడోలో జార్జ్ బ్రౌన్ ఒకే రోజున లెఫ్టినెంట్ గవర్నర్లుగా గెలిచారు. అయితే అవి పశ్చిమ రాష్ట్రాలు. పునర్నిర్మాణ కాలం తర్వాత పాత దక్షిణాదిలో ఆ స్థాయి గెలుపు మాత్రం వైల్డర్‌దే మొదటిది.

పదవిలో ఉన్న నాలుగేళ్లలో ఆయన ఏం చేశారు?

1986 జనవరి 11న ప్రమాణం చేశారు. సెనేట్‌కు అధ్యక్షత వహించారు, రాష్ట్రమంతా తిరిగారు, గవర్నర్‌కు తలనొప్పి అయ్యారు. రోడ్ల కోసం అమ్మకపు పన్ను పెంచాలని బాలైల్స్ 1986లో ప్రతిపాదించినప్పుడు సొంత పార్టీ గవర్నర్‌ను బహిరంగంగా వ్యతిరేకించారు. శాఖలు లేని పదవికి ఉన్న ఒక సౌలభ్యం అది, ఏ నిర్ణయానికీ బాధ్యుడు కాకుండా అభిప్రాయం చెప్పవచ్చు.

1989లో గవర్నర్ ఎన్నికలో మార్షల్ కోల్‌మన్ మీద గెలిచారు. పోలింగ్ రోజు సర్వే సుమారు పది శాతం ఆధిక్యం చూపగా, దాదాపు 18 లక్షల ఓట్లలో పునర్లెక్కింపు తర్వాత మిగిలిన ఆధిక్యం 6,741. సర్వేలో ఒక మాట చెప్పి, తెర వెనుక మరో ఓటు వేసే ధోరణిని ఆయన పేరుతో కూడా పిలుస్తారు. 1985 తేడాతో పోల్చితే, పెద్ద పదవి దగ్గరికి వచ్చేసరికి కొందరు ఓటర్లు వెనకడుగు వేశారనిపిస్తుంది.

ఓడిపోయిన చిచెస్టర్ ఏమయ్యారు?

సెనేట్‌లోనే కొనసాగారు. ఆర్థిక కమిటీ అధ్యక్షుడిగా, సభలో లెఫ్టినెంట్ గవర్నర్ లేనప్పుడు అధ్యక్షత వహించే సభ్యుడిగా ఎదిగారు. 2004లో డెమొక్రాట్ గవర్నర్ మార్క్ వార్నర్‌తో కలిసి, సొంత పార్టీలో చాలామందికి కోపం తెప్పిస్తూ, పన్నుల పెంపును నెగ్గించారు. గెలిచి ఉంటే నాలుగేళ్లు అధ్యక్ష స్థానంలో సభను అదుపు చేస్తూ కూర్చునేవారు. ఓడిపోయి రాష్ట్ర బడ్జెట్‌ను చేతిలో పెట్టుకున్నారు.

ఆ తర్వాత ఆ పదవికి ఎవరెవరు వచ్చారు? తెలుగువారికి దీనితో ఏమైనా సంబంధం ఉందా?

వైల్డర్ తర్వాత ఆ పదవికి ఎన్నికైన మరో నల్లజాతీయుడు రావడానికి 2017 వరకు ఆగాల్సి వచ్చింది, ఆ ఏడాది జస్టిన్ ఫెయిర్‌ఫ్యాక్స్ గెలిచారు. 2021లో జమైకాలో పుట్టిన రిపబ్లికన్ విన్సమ్ సియర్స్ ఆ స్థానానికి వచ్చారు. 2025 నవంబర్‌లో, అంటే వైల్డర్ గెలిచిన సరిగ్గా నలభై ఏళ్లకు, హైదరాబాద్‌లో పుట్టి నాలుగేళ్ల వయసులో అమెరికా వెళ్లిన గజాలా హష్మీ రిపబ్లికన్ అభ్యర్థి జాన్ రీడ్‌ను ఓడించి లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికయ్యారు. 2019లో రాష్ట్ర సెనేట్‌కు రావడానికి ముందు ఆమె పనిచేసిన కళాశాలకు సార్జంట్ రెనాల్డ్స్ పేరే పెట్టారు. 1969లో ఖాళీ అయి, వైల్డర్‌ను సెనేట్‌కు పంపిన స్థానం ఆయనదే.

పక్కనున్న మేరీలాండ్‌లో, తెలుగు కుటుంబంలో హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2022లో వెస్ మూర్‌తో జోడీగా గెలిచి లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. ఇక్కడ ఒక తేడా ఉంది. మిల్లర్ పేరు మూర్ పేరుతో కలిసి ఒకే ఓటు కింద వచ్చింది, హష్మీ మాత్రం వైల్డర్ లాగే విడిగా ఓట్లు అడగాల్సి వచ్చింది. ఉత్తర వర్జీనియాలోని ఫెయిర్‌ఫ్యాక్స్, లౌడన్ కౌంటీల్లో స్థిరపడి పౌరసత్వం పొందిన తెలుగువారి బ్యాలెట్ పత్రంలో ఈ పదవికి విడి గడి ఉంటుంది, గవర్నర్ పేరు దగ్గర పెట్టిన గుర్తు దీనికి చెల్లదు.

ఈ ఎన్నికలు బేసి సంవత్సరాల్లో ఎందుకు జరుగుతాయి?

వర్జీనియాలో రాష్ట్ర పదవుల ఎన్నిక అధ్యక్ష ఎన్నిక జరిగిన మరుసటి ఏడాది వస్తుంది. జాతీయ ఎన్నికల గాలి నుంచి రాష్ట్ర వ్యవహారాలను కొంత దూరంగా ఉంచడానికి ఈ పద్ధతి ఉపయోగపడుతుంది. రేగన్ 62 శాతం ఓట్లు తెచ్చుకున్న 1984లోనే లెఫ్టినెంట్ గవర్నర్ ఎన్నిక కూడా జరిగి ఉంటే, వైల్డర్ గెలిచేవారని చెప్పడం కష్టం.